బ్యాలెట్: గోళీ నుంచి రహస్య ఓటు దాకా

ఎన్నికల వార్తలు చదివేవారందరికీ ‘బ్యాలెట్’ అనే మాట పరిచయమే. బ్యాలెట్ పత్రం, బ్యాలెట్ పెట్టె, పోస్టల్ బ్యాలెట్, ఈ మధ్య వచ్చిన బ్యాలెట్ యూనిట్ అన్నీ వింటూనే ఉన్నాం. దీని అర్థం ఏమిటని పరీక్షలో అడిగితే ఎక్కువమంది విద్యార్థులు ‘రహస్యంగా ఓటు వేసే పద్ధతి’ అని రాస్తారు. అది తప్పు కాదు. వాడుకలో ఇప్పుడు ఆ అర్థమే స్థిరపడింది. అయితే ఆ మాట పుట్టినప్పుడు దానిలో రహస్యం లేదు. ఉన్నదల్లా ఒక చిన్న ఉండ, మన పిల్లలు ఆడుకునే గోళీ వంటిది. ఆ గోళీకి రహస్యం ఎప్పుడు తోడైంది, ఎవరి అవసరం కోసం తోడైంది, ఆ రహస్యం నిలబడటానికి ఏ ఏర్పాట్లు కావలసి వచ్చాయి అన్నదే ఈ పాఠ్యభాగంలోని విషయం.

మాట పుట్టుక

ముందుగా ‘ఓటు’ సంగతి చూద్దాం. ఇది లాటిన్‌లోని ‘వోటమ్’ నుంచి వచ్చింది. వోటమ్ అంటే మొక్కు. దేవుడికి మొక్కుకున్న మాటే క్రమంగా కోరికగా, ఆపైన అభిప్రాయ ప్రకటనగా మారింది. తెలుగులో ఇంతకు ముందే వేరొక ‘ఓటు’ ఉంది. చిల్లిపడిన కుండను ఓటికుండ అంటాం కదా, ఆ ఓటుకూ ఎన్నికల ఓటుకూ చుట్టరికం లేదు. ఎన్నికలలో ఓడిపోయిన మిత్రులు ఉందని వాదిస్తారు గానీ భాషాశాస్త్రం ఒప్పుకోదు.

‘బ్యాలెట్’ ఇటాలియన్ భాషలోని ‘బల్లోత్త’ నుంచి వచ్చింది. ‘బల్ల’ అంటే బంతి, ‘బల్లోత్త’ అంటే చిన్న బంతి. 16వ శతాబ్దం మధ్యలో వెనిస్ నగర పాలన గురించి రాసిన ఆంగ్లేయుల ద్వారా ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించింది. అక్కడి నుంచి మనకు చేరింది. ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ ఈ మాట సంతానం ఇప్పటికీ ఉంది, కానీ అర్థం వేరు. మొదటి విడతలో ఎవరికీ ఆధిక్యం రాకపోతే ముందున్న అభ్యర్థుల మధ్య జరిపే రెండో విడత పోటీని అక్కడ ఆ మాటతో పిలుస్తారు. అందులో రహస్యమన్న ధ్వని లేదు. కొన్ని పాతకాలపు క్లబ్బులలో కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలా వద్దా అని తేల్చడానికి తెల్ల గోళీలు, నల్ల గోళీలు వాడేవారు. నల్ల గోళీ పడితే అతనికి ప్రవేశం లేదు. ఒకరిని వెలివేయడాన్ని ఇంగ్లీషులో ‘బ్లాక్‌బాల్’ చేయడం అనేది అందుకే.

మరో రెండు మాటల గురించి కూడా విద్యార్థులు తరచు అడుగుతుంటారు. నాట్యానికి సంబంధించిన ‘బ్యాలే’కూ దీనికీ సంబంధం లేదు, అది నర్తించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ‘బుల్లెట్’ సంగతి కాస్త చిత్రమైనది. మన పత్రికలు ‘బ్యాలెట్టా, బుల్లెట్టా’ అని ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెడతాయి. నిజానికి బుల్లెట్ అన్నా చిన్న ఉండ అనే అర్థం. అయితే అది ఫ్రెంచి ద్వారా లాటిన్ మూలం నుంచి వచ్చింది, బ్యాలెట్ మూలం జర్మానిక్ భాషలది. అర్థం ఒకటే, వంశాలు వేరు.

వెనిస్ గుడ్డ ఉండలు

వెనిస్ గణతంత్రానికి అధిపతిని ‘డోజ్’ అనేవారు. 1268లో స్థిరపడిన ఆయన ఎన్నిక పద్ధతి, 1797లో నెపోలియన్ చేతిలో ఆ గణతంత్రం కూలిపోయేదాకా కొనసాగింది. మహాసభలోని సభ్యుల నుంచి చీటీల పద్ధతిలో 30 మందిని తీస్తారు. వారిని మళ్ళీ చీటీలతో 9 మందికి తగ్గిస్తారు. ఆ 9 మంది 40 మందిని ఎన్నుకుంటారు. వారు చీటీలతో 12 మంది అవుతారు. ఆ 12 మంది 25 మందిని ఎన్నుకుంటారు, వారు 9కి తగ్గుతారు, ఆ 9 మంది 45 మందిని ఎన్నుకుంటారు, వారు 11 మందికి తగ్గుతారు. చివరికి ఆ 11 మంది 41 మందిని ఎన్నుకుంటే, ఆ 41 మందిలో కనీసం 25 మంది ఆమోదం పొందినవాడు డోజ్ అవుతాడు. ఈ అంకెలు కంఠస్థం చేయనవసరం లేదు. ఏ ఒక్క కుటుంబమూ ముందుగా లెక్క వేసుకుని ఎన్నికను చేజిక్కించుకోకూడదనే ఇంత చిక్కుముడి వేశారని గ్రహిస్తే చాలు.

నేను ‘చీటీలు’ అన్నాను గానీ అక్కడ వాడినవి ఉండలే. సెయింట్ మార్క్ చర్చి నుంచి బయటికి వచ్చినప్పుడు ఎదురుపడిన చిన్న కుర్రవాణ్ణి పిలుచుకొచ్చి, పాత్రలోంచి ఉండలు తీయించేవారు. ఆ పిల్లవాడికి ‘ఉండల కుర్రాడు’ అనే అర్థం వచ్చే పేరే ఉండేది. చీటీ తీయడానికే కాక ఓటు వేయడానికి కూడా ఉండలే. అనుకూలమైతే ఒక రంగు పెట్టెలో, ప్రతికూలమైతే మరొక రంగు పెట్టెలో వేసేవారు. ఉండ లోపల పడినప్పుడు చప్పుడైతే ఏ పెట్టెలో పడిందో పక్కవాడు పసిగట్టవచ్చు. అందుకని వాటిని నారబట్టతో చేశారు. గోళీకి రహస్యం తోడైన చోటు ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఆ రహస్యం ఎవరి నుంచి? మహాసభలో కూర్చున్నవారంతా పుట్టుకతో కులీనులు. నగరంలోని సామాన్య జనానికి ఆ సభలో చోటు లేదు. అంటే సమానులైన ధనిక కుటుంబాలు తమలో తాము కక్షలు పెరగకుండా పెట్టుకున్న తెర అది. బలహీనుణ్ణి బలవంతుడి నుంచి కాపాడే ఏర్పాటు కాదు.

అంతకు ముందటి రాళ్ళూ పలకలూ

వెనిస్ కంటే చాలా ముందే ఏథెన్స్‌లో గులకరాళ్ళతో ఓటు వేశారు. గులకరాయిని గ్రీకులో ‘సెఫోస్’ అంటారు. ఎన్నికల అధ్యయనానికి ‘సెఫాలజీ’ అన్న పేరు అలా వచ్చింది. ఏథెన్స్ ప్రజాసభలో సాధారణంగా చేతులెత్తేవారు, అది బహిరంగమే. న్యాయస్థానాలలో మాత్రం క్రీ.పూ. 4వ శతాబ్దంలో చక్కని ఏర్పాటు ఉండేది. జ్యూరీలోని ప్రతివానికీ రెండు కంచు బిళ్ళలు ఇచ్చేవారు. రెండింటి మధ్యలోనూ చిన్న ఇరుసు ఉంటుంది. ఒకదానిది బోలు, మరొకదానిది గట్టిది. బోలుది ఫిర్యాదికి, గట్టిది ప్రతివాదికి. ఇరుసు రెండు కొనలనూ వేళ్ళతో మూసి పట్టుకుంటే చూసేవారికి ఏది ఏదో తెలియదు. అటువంటి బిళ్ళలు ఏథెన్స్ తవ్వకాలలో దొరికాయి.

రోమ్ కథ మనకు ఇంకా ముఖ్యం. అక్కడ మొదట ఓటరు తన ఓటును నోటితో చెప్పేవాడు. క్రీ.పూ. 139లో వచ్చిన గబీనియా చట్టం అధికారుల ఎన్నికలలో మైనపు పూత పూసిన పలకపై రాసి వేసే పద్ధతిని తెచ్చింది. తరవాతి మూడు దశాబ్దాలలో మరి మూడు చట్టాలు దానిని న్యాయవిచారణలకూ శాసనాల ఆమోదానికీ విస్తరించాయి. ఓటర్లు పెట్టె దగ్గరికి వెళ్ళడానికి ఎత్తయిన సన్నని దారి ఉండేది, దానిని ‘వంతెన’ అనేవారు. దాని మీద ప్రముఖుల అనుచరులు నిలబడి పలకల్లోకి తొంగిచూసేవారు. క్రీ.పూ. 119లో మారియస్ ట్రిబ్యూన్‌గా ఉన్నప్పుడు ఆ వంతెనలను ఇరుకు చేయించాడు. పక్కన నిలబడేందుకు చోటు లేకపోతే తొంగిచూసేవాడూ ఉండడు. రాజ్యాంగ సూత్రాలు చేయలేని పని ఒక్కోసారి వడ్రంగి చేస్తాడు.

కులీన వర్గానికి ఇది నచ్చలేదు. సిసిరో ‘చట్టాలు’ అనే గ్రంథంలో ఒక రాజీమార్గం సూచించాడు. పలక ప్రజల దగ్గరే ఉండనివ్వండి, కానీ దానిని పెద్దమనుషులకు తమంతట తాముగా చూపించే వీలుండాలి అన్నాడు. వినడానికి మర్యాదగానే ఉంది. కానీ ‘చూపించవచ్చు’ అని చట్టం అనుమతిస్తే, ‘ఎందుకు చూపించవు?’ అని అడిగే హక్కు పెద్దమనిషికి వచ్చేసినట్టే. ఈ వాదన 1900 ఏళ్ళ తరవాత లండన్‌లో మళ్ళీ తలెత్తుతుంది, గుర్తుంచుకోండి.

మన దేశంలోని ఆధారాలు

ప్రాచీన భారతంలో రహస్య ఓటు ఉందా అన్న ప్రశ్నకు రెండు ఆధారాలు చూపుతారు. రెండింటినీ జాగ్రత్తగా చదవాలి.

మొదటిది బౌద్ధ వినయపిటకం. సంఘంలో వివాదం తేలనప్పుడు ‘శలాకలు’, అంటే పుల్లలు, పంచి అభిప్రాయం సేకరించేవారు. చుళ్లవగ్గలో ఇందుకు మూడు పద్ధతులున్నాయి: రహస్యంగా, చెవిలో చెప్పి, బహిరంగంగా. రహస్య పద్ధతిలో పుల్లలకు వేర్వేరు రంగులుంటాయి. ఏ రంగు ఏ పక్షానిదో చెప్పి, నచ్చినది తీసుకో, ఎవరికీ చూపించకు అని ప్రతి భిక్షువుకూ సూచిస్తారు. ఎవరికీ చూపించకు అన్న ఆ ఒక్క మాటలో రహస్య ఓటు సూత్రమంతా ఉంది. కానీ అదే చోట మరో నియమం ఉంది. ధర్మవిరుద్ధమైన పక్షానికి ఎక్కువ పుల్లలు వచ్చాయని పంచినవాడికి తోస్తే, ‘సరిగా పంచలేదు’ అని చెప్పి వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ఇది నేటి ఎన్నిక కాదు. సంఘం చీలిపోకుండా చూసుకునే ఉపాయం. ఈ రెండో నియమాన్ని చెప్పకుండా మొదటిదాన్ని మాత్రమే ఉటంకించే వ్యాసాలు చాలా చూశాను.

రెండవది తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనాలు. చోళరాజు మొదటి పరాంతకుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాలలో చెక్కినవి. ఊరిని 30 వాడలుగా విభజించి, అర్హులైనవారి పేర్లు తాటాకులపై రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడిచేత తీయించేవారు. దీనిని ‘కుడవోలై’ అంటారు, కుండ ఓలె అన్నమాట. భూమి, విద్య, వయసు మొదలైన అర్హతలు, లెక్కలు అప్పగించనివారికి అనర్హత, అన్నీ ఆ శాసనాలలో వివరంగా ఉన్నాయి. ప్రపంచంలోని తొలి రహస్య బ్యాలెట్ ఇదేనని పత్రికలు రాస్తుంటాయి. కానీ ఇక్కడ ఓటు వేసినవారెవరూ లేరు. కుండ ఎంపిక చేసింది. ఇది చీటీ తీసే పద్ధతి. వెనిస్ కుర్రవాడూ ఉత్తరమేరూరు పిల్లవాడూ ఒకే పని చేశారు. వారిద్దరి మధ్య ఎలాంటి సంబంధమూ లేకపోయినా, పక్షపాతం ఎరుగని చేయి కావాలంటే పసివాడి చేయే కావాలని రెండు చోట్లా తోచడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఇంగ్లండ్: నోటితో చెప్పిన ఓటు

నేటి రహస్య ఓటు నిజమైన పుట్టిల్లు 19వ శతాబ్దపు బ్రిటిష్ సామ్రాజ్యం. 1872 దాకా ఇంగ్లండ్‌లో పార్లమెంటు ఎన్నిక బహిరంగంగానే జరిగేది. ఓటరు వేదిక దగ్గరికి వచ్చి తన పేరు, తాను ఎంచుకున్న అభ్యర్థి పేరు బిగ్గరగా చెప్పాలి. గుమాస్తా పుస్తకంలో రాసుకునేవాడు. ఆ ‘పోల్ బుక్కు’లను అచ్చువేసి అమ్మేవారు కూడా. ఏ దర్జీ ఎవరికి ఓటు వేశాడో, ఏ కౌలుదారు ఎవరి పక్షమో ఊరంతా చదువుకోవచ్చు. చరిత్రకారులకు అవి పెన్నిధి. ఓటర్లకు మాత్రం ప్రాణసంకటం. 1868 ఎన్నికలలో వేల్స్‌లో తమ భూస్వాముల మాట కాదని ఓటు వేసిన కౌలుదారులను పొలాల నుంచి వెళ్ళగొట్టారు.

దీనికి విరుగుడు కోరినవారిలో చార్టిస్టులను ముందు చెప్పాలి. 1838 నాటి ‘ప్రజా చార్టర్’లోని ఆరు కోర్కెలలో రహస్య ఓటు ఒకటి. ఆ పత్రంతోపాటు ఓటింగు ఏర్పాటును చూపే బొమ్మను కూడా ముద్రించారు. అందులో ఓటరు వేసేది కాగితం కాదు, ఇత్తడి గోళీ. బ్యాలెట్ అనే మాట అసలు అర్థం అప్పటికింకా సజీవంగానే ఉందన్నమాట.

వ్యతిరేకించినవారంతా భూస్వాములే అనుకోకండి. స్వేచ్ఛ గురించి ఆ శతాబ్దంలో అందరికంటే గొప్పగా రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా రహస్య ఓటుకు వ్యతిరేకి. అతని తండ్రి జేమ్స్ మిల్ దానిని సమర్థించాడు, కొడుకు మొదట్లో అదే దారిలో నడిచి తరవాత మనసు మార్చుకున్నాడు. 1861లో వెలువడిన ప్రాతినిధ్య ప్రభుత్వ గ్రంథంలో అతని వాదన ఇది: ఓటు సొంత ఆస్తి కాదు, సమాజం మనకు అప్పగించిన బాధ్యత. బాధ్యతను నిర్వర్తించేవాడు నలుగురి కళ్ళెదుట నిర్వర్తించాలి. చాటున వేసే ఓటు స్వార్థానికి దారితీస్తుంది. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయలేం. ఆ రోజుల్లో ఓటు లేని కూలీకి, స్త్రీకి, ఓటున్నవాడు ఎలా వాడుకున్నాడో తెలుసుకునే దారి కూడా ఉండాలన్నది మిల్ బాధ. కానీ మిల్ నలుగురి కళ్ళనూ ఒకే బరువున్నవిగా చూశాడు. కౌలుదారు విషయంలో ఆ నలుగురిలో ఒకడు భూమి యజమాని.

ఇంగ్లండ్ ఇలా తర్జనభర్జన పడుతుండగానే ఆస్ట్రేలియా వలసలు పని ముగించాయి. 1856లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రహస్య ఓటు చట్టాలు చేశాయి. వాటిలోని కొత్తదనం రహస్యం కాదు, ఏర్పాటు. చీటీని ప్రభుత్వమే అచ్చువేస్తుంది. అభ్యర్థులందరి పేర్లూ ఒకే కాగితంపై ఉంటాయి. దానిని పోలింగు చోటనే ఇస్తారు. ఓటరు ఒంటరిగా అరలోకి వెళ్ళి గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేస్తాడు. పార్టీలే తమ రంగు చీటీలను అచ్చువేసి పంచే చోట రహస్యం పేరుకే ఉంటుంది, అమెరికాలో అప్పటి పరిస్థితి అదే. ఈ కొత్త విధానానికి అందరూ ‘ఆస్ట్రేలియన్ బ్యాలెట్’ అని పేరు పెట్టారు. గోళీ పోయింది, కాగితం వచ్చింది, పేరు మాత్రం గోళీదే నిలిచింది.

1872లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం బ్యాలెట్ బిల్లు తెచ్చినప్పుడు ప్రభువుల సభ దానికి ఒక సవరణ చేసింది. రహస్యం ఓటరు ఇష్టానికి వదిలేద్దాం, కావలసినవాడు దాచుకుంటాడు, వద్దనుకున్నవాడు చూపిస్తాడు అని. సిసిరో మాటే ఇది. కామన్స్ సభ ఆ సవరణను తోసిపుచ్చింది, ప్రభువులు వెనక్కి తగ్గారు. ఈ బిల్లు చరిత్రలో నా దృష్టిలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే. చట్టం వచ్చిన వెంటనే, 1872 ఆగస్టు 15న, పాంటిఫ్రాక్ట్ ఉప ఎన్నిక జరిగింది. గెలిచిన హ్యూ చైల్డర్స్ ఒకప్పుడు విక్టోరియా వలసలో పదవులు నిర్వహించినవాడే. ఆనాటి పెట్టె ఆ ఊరి మ్యూజియంలో ఉంది. దానిపై లక్క ముద్ర వేయడానికి స్థానిక అతిమధురం మిఠాయి కర్మాగారం అచ్చు వాడారు. రెండేళ్ళకే, 1874 ఎన్నికలలో, ఐర్లండ్‌లో స్వపరిపాలన పక్షంవారు దాదాపు 60 స్థానాలు గెలిచారు. భూస్వామి చూడని చోట కౌలుదారు ఏం చేస్తాడో తెలియడానికి ఆ ఎన్నిక ఒక ఉదాహరణ.

చూపించకూడదు అన్న నియమం

ఇష్టమున్నవాడు చూపిస్తే తప్పేమిటి? దీనికి నా అనుభవంలోని ఒక సంగతి చెబుతాను. కాగితపు బ్యాలెట్లు ఉన్న రోజులలో అధ్యాపకులందరితోపాటు నేను కూడా పోలింగు విధులకు వెళ్ళాను. ఒక పల్లెలో ఒక వృద్ధురాలు అర వెనకనుంచి చీటీని విప్పి పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. “సరిగ్గా పడిందా సారూ, ఒకసారి చూడు” అంది. “మడత పెట్టు అవ్వా, ఎవ్వరికీ చూపించకూడదు” అన్నాను. “నాకు దాచేదేముంది నాయనా” అంటూనే ముడుచుకుంది. ఆలోగా బల్ల వెనక కూర్చున్న ఏజెంట్ల కళ్ళన్నీ ఆ చీటీ మీదే ఉన్నాయి. ఆమె వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కూలికి వెళ్ళేవాళ్ళు. మొదటామె చూపించి ఉంటే, రెండో ఆమె మడిచి వేసినందుకు సమాధానం చెప్పుకోవలసి వచ్చేది.

మన 1961 ఎన్నికల నిర్వహణ నియమాలు ఈ సంగతిని గుర్తించాయి. ఓటింగు రహస్యాన్ని పాటించడం ఓటరు విధి కూడా. హెచ్చరించినా పాటించకపోతే ప్రిసైడింగ్ అధికారి చీటీని వెనక్కి తీసుకోవచ్చు. బయటికి వచ్చాక ఎవరికి వేశారో చెప్పుకోవడం మీ ఇష్టం, ఎందుకంటే చెప్పినది నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. చెప్పడానికీ చూపడానికీ తేడా అదే. పోలింగు గదిలోకి సెల్‌ఫోన్ రానివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. ఫొటో ఉంటే ఓటు కొన్నవాడికి రసీదు దొరికినట్టే.

చదవడం రానివారి బ్యాలెట్

ఆస్ట్రేలియన్ బ్యాలెట్‌లో ఒక లోపం ఉంది. పేర్లు చదవగలిగితేనే అది పని చేస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో 19వ శతాబ్దం చివర ఈ లోపాన్నే ఆయుధంగా వాడి, చదువుకు దూరంగా ఉంచిన నల్లజాతి ఓటర్లను తప్పించారు. ఇదే సమస్యకు మన దేశం వేరే దారి వెతికింది.

1937 ఎన్నికలలో, తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో రంగు పెట్టెలు వాడారు. కాంగ్రెసుది పసుపు పెట్టె. పేరు చదవలేనివారు రంగును గుర్తుపట్టారు. 1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటర్లు 17 కోట్ల 32 లక్షలు, వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నాయకత్వంలో ప్రతి అభ్యర్థికీ ఒక విడి పెట్టె, దానిపై అతని గుర్తు అన్న పద్ధతి పెట్టారు. రూపాయి నోటంత చీటీ మీద ఏ గుర్తూ వేయనక్కర్లేదు, నచ్చిన పెట్టెలో వేస్తే చాలు. దాదాపు 25 లక్షల ఉక్కు పెట్టెలు కావలసి వచ్చాయి. హైదరాబాదు ఆల్విన్ కంపెనీ కూడా వాటిని తయారుచేసింది. ఒక విధంగా ఇది వెనిస్ పద్ధతికి దగ్గరిది: గుర్తు చీటీ మీద కాదు, పెట్టె మీద.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. తెర వెనకకు వెళ్ళిన ఓటరు చీటీని ఏ పెట్టెలోనూ వేయకుండా జేబులో పెట్టుకుని వస్తే తెలియదు. బయట దానిని కొన్నవాడు మరొకరిచేత తనకు కావలసిన పెట్టెలో వేయించవచ్చు. ఈ కారణం వల్ల, 1957 తరవాత, గుర్తులన్నీ ఒకే కాగితంపై అచ్చువేసి ముద్ర వేయించే పద్ధతికి మారారు. 1962 సార్వత్రిక ఎన్నికలు అలాగే జరిగాయి. పల్లెల్లో ‘స్వస్తిక్ ముద్ర’ అని పిలిచిన ఆ బాణాల గుర్తుకూ ఒక ప్రయోజనం ఉంది. మడతలో సిరా అంటుకున్నా, అసలు ముద్ర ఏదో అంటుకున్న మరక ఏదో పోల్చుకోవచ్చు.

ఒకే కాగితం అన్నదానికి నల్లగొండ ప్రజలు 1996లో పెద్ద పరీక్ష పెట్టారు. ఫ్లోరైడ్ నీటి సమస్యపై నిరసనగా నామినేషన్లు వేయడంతో లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైపోయింది. 2019లో నిజామాబాద్‌లో, రైతులే ఎక్కువగా ఉన్న 185 మంది అభ్యర్థుల కోసం ఒక్కొక్క ఓటరు ముందు 12 బ్యాలెట్ యూనిట్లు అమర్చారు. దాగి ఉండవలసిన ఓటుతో రెండు జిల్లాల ప్రజలు తమ బాధను బహిరంగం చేసిన తీరు ఇది.

నేటి సందిగ్ధాలు

మాట దగ్గరికి మళ్ళీ వద్దాం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 59వ సెక్షన్ ఓట్లు ‘బ్యాలెట్ ద్వారా’ వేయాలంటుంది. రాష్ట్రపతి ఎన్నిక గురించి రాజ్యాంగం 55వ అధికరణం ‘రహస్య బ్యాలెట్’ అని స్పష్టంగా చెబుతుంది. బ్యాలెట్ అంటేనే రహస్యమైతే ఆ విశేషణం ఎందుకు? 2003లో ఆ 59వ సెక్షన్‌కే ఒక మినహాయింపు చేర్చారు. రాజ్యసభ ఎన్నికలు ‘బహిరంగ బ్యాలెట్’ ద్వారా జరగాలి. శాసనసభ్యుడు తన చీటీని తన పార్టీ ప్రతినిధికి చూపించాలి. డబ్బు తీసుకుని పార్టీకి వ్యతిరేకంగా ఓటు వేయడాన్ని అరికట్టాలన్నది ఉద్దేశం. కులదీప్ నయ్యర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. పౌరుడి విషయంలో చూపడం నేరం, శాసనసభ్యుడి విషయంలో చూపకపోవడం నేరం. శాసనసభ్యుడు మనకు జవాబుదారీ కాబట్టి మిల్ వాదన అతనికి వర్తిస్తుందని నేను ఒప్పుకుంటాను. అయితే అతను చూపిస్తున్నది మనకు కాదు, పార్టీకి. ఈ తేడాను విద్యార్థులు గమనించాలి.

2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ‘నోటా’ తీర్పు కూడా మౌలికంగా రహస్యం గురించే. అంతకు ముందు ఎవరికీ ఓటు వేయదలచుకోనివారు అధికారితో చెప్పి రిజిస్టరులో సంతకం చేయాలి. ఓటు వేసినవాడికి ఉన్న తెర, వేయనివాడికి లేకపోయింది. మీట ఒకటి చేర్చడంతో ఆ తేడా పోయింది.

ఇక మిగిలింది ఊరి రహస్యం. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు పోలింగు కేంద్రాల చీటీలను కలిపి లెక్కించే వీలు నియమాలలో ఉండేది. ఓటింగు యంత్రాలు వచ్చాక ప్రతి కేంద్రం లెక్క విడిగా తేలి, 20వ నంబరు ఫారంలో అందరికీ అందుబాటులోకి వస్తోంది. ఒక చిన్న తండాకో, ఒక వాడకో ఒకే కేంద్రం ఉందనుకోండి. ఎవరు ఎవరికి వేశారో తెలియదు గానీ, ఆ వాడ మొత్తం ఎటు వేసిందో అంకెలతో సహా తెలిసిపోతుంది. కొన్ని కేంద్రాల ఫలితాలను కలిపి మాత్రమే చూపే ‘టోటలైజర్’ పరికరాన్ని ఎన్నికల సంఘం ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో 255వ నివేదికలో సిఫారసు చేసింది. అది ఇంకా అమలులోకి రాలేదు. మీ పోలింగు కేంద్రానికి సంబంధించిన 20వ ఫారం రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో దొరుకుతుంది. ఒకసారి తీసి చూడండి. అందులోని అంకెలను బట్టి మీ వాడ గురించి గెలిచిన అభ్యర్థి ఏమేమి ఊహించగలడో ఒక పేజీలో రాయండి. సంప్రదింపు తరగతిలో దానిపైనే చర్చిద్దాం.